ఎవరి ఎనిమిది నిమిషాలు

నా మోకాళ్లకు వెదురు బద్దలు వేసి, తువ్వాళ్లతో బిగించి కట్టి, పట్టపగలు మెయిన్ రోడ్డు మీద నడిపించిన వాళ్లు ఇద్దరున్నారు. ఇద్దరూ నాకంటే పెద్దవాళ్లే. కేసు పెట్టమని మా ఆఫీసులో కొందరు సలహా ఇచ్చారు. ఏ సెక్షన్ కింద పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. అందుకని ఊరుకున్నాను.

ప్లానింగ్ సెక్షన్లో కొత్తగా చేరిన పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, నన్ను చూసి నవ్వుకోండి. నాకేం అభ్యంతరం లేదు. నేను మీకు చెప్పగలిగిన ఘనకార్యాలు పెద్దగా లేవు. ఒక తప్పు మాత్రం నిండుగా, సర్వాంగసుందరంగా చేశాను. అది చెబుతాను.

అప్పటికి నాకు యాభై తొమ్మిది దాటాయి. మణుగూరు వైపు అడవి అంచున ఉన్న ఒక బొగ్గు ఊరి మున్సిపాలిటీలో టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజర్‌ని. ఊరి పేరు చెప్పను, అక్కడి వాళ్లు నన్నింకా భోజనానికి పిలుస్తున్నారు. ఒక పక్క గనులు, కంపెనీ క్వార్టర్లు. మధ్యలో టిప్పర్లు తిరిగే రోడ్డు. మిగతా పక్కలన్నీ అడవి, అందులో గూడేలు. గనుల్లో పనిచేసి దిగిపోయిన వాళ్లలో చాలామంది సొంతూళ్లకు పోకుండా అక్కడే రెండు గదులు వేసుకుని ఉండిపోయారు. కాబట్టి ఏ సందులో చూసినా నెరిసిన తలలే.

ఒక రోజు పైనుంచి సర్క్యులర్ వచ్చింది. ప్రతి పట్టణమూ వయోవృద్ధులకు అనుకూలంగా మారాలి, ముందుముందు వాళ్ల సంఖ్య ఇంకా పెరుగుతుంది కనుక ఇప్పుడే ప్రణాళిక వేసుకోవాలి అని దాని సారాంశం. మా కమిషనర్ మేడమ్‌కు అది మొదటి పోస్టింగ్. మీటింగులో మా అందరి ముఖాలూ వరుసగా చూసి, నా దగ్గర ఆగారు.

"ఇది మీరే చెయ్యాలండీ. మీకైతే బాగా అర్థమవుతుంది."

"నాకెందుకు మేడమ్ బాగా అర్థమవుతుంది?"

ఆమె ఇబ్బంది పడ్డారు. "అంటే... అనుభవం ఉంది కదా మీకు."

వెనక కుర్చీలో ఎవరో దగ్గారు. నేను రెండు ఆదివారాలకోసారి జుట్టుకు రంగు వేసుకునేవాణ్ని. ఆ నెలలో ప్రతి ఆదివారమూ వేసుకున్నాను.

మూడు వారాల్లో ప్లాను తయారైంది. కుర్చీలోంచి లేవకుండానే తయారైంది. కంప్యూటర్లో ఏవేవో దేశాల పార్కుల బొమ్మలు చూశాను. అక్కడి ముసలివాళ్లు తెల్లటి బూట్లు వేసుకుని, ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని నవ్వుతున్నారు. మనవాళ్లూ అలా నవ్వాలని నాకు అనిపించింది. దవాఖానా వెనక ఖాళీ స్థలంలో ఒక పార్కు గీశాను. నడక దారి, సిమెంటు బెంచీలు, స్టీలు రెయిలింగుతో ర్యాంపు, ఒక మరుగుదొడ్డి, చుట్టూ ప్రహరీ. దానికి తోడు నా సొంత తెలివి ఒకటి చేర్చాను. దవాఖానా ముందు చౌరస్తాలో ఉన్న బస్సు స్టాపును ఎత్తేసి, ఆరు వందల మీటర్ల అవతల కొత్త షెల్టరు కట్టి అక్కడికి మార్చాలని. చౌరస్తాలో దుమ్ము, రద్దీ, హారన్లు. వృద్ధులకు ప్రశాంతత కావాలి కదా. మ్యాపు మీద ఆ దూరం నా బొటనవేలంత ఉంది.

మా సర్వేయర్ గూడెం నుంచి చదువుకుని వచ్చిన మనిషి. నలభై దగ్గర పడ్డ ఆడమనిషి, ఇంట్లో కోయ, ఆఫీసులో తెలుగు మాట్లాడేది. అనవసరంగా నోరు తెరవదు. ఆ డ్రాయింగు చూసి ఒక్కమాట అడిగింది.

"సార్, ఒక్కసారి నడిచి చూద్దామా? మా గూడేల బస్సు గూడా ఆడనే ఆగుతది."

"ఫోను ఎనిమిది నిమిషాలని చూపిస్తోందమ్మా" అన్నాను.

ఆమె మళ్లీ మాట్లాడలేదు. ఆ మౌనాన్ని నేను అంగీకారం కింద జమకట్టుకున్నాను. ఇలాంటి పొరపాటు మీరు చెయ్యకండి. కింది ఉద్యోగి నోరు మూసుకుంటే ఒప్పుకున్నట్టు కాదు, మీతో విసిగిపోయినట్టు.

పార్కు చకచకా లేచింది. రిబ్బను కత్తిరించారు. రోజూ ఎంతమంది వస్తున్నారో రాయమని వాచ్‌మన్‌కు ఒక రిజిస్టరు ఇచ్చాను. నెల తర్వాత తెరిచి చూస్తే రెండు పేర్లున్నాయి. ఒకటి వాచ్‌మన్‌ది. రెండోది ప్రారంభం రోజు నేను పెట్టిన సంతకం.

మరి వృద్ధులంతా ఎక్కడున్నట్టు? వెతకనక్కర్లేదు. చౌరస్తాలో, ఎత్తేయబోతున్న ఆ బస్సు స్టాపు పక్కనే, కల్వర్టు గోడ మీద వరుసగా కూర్చుని ఉన్నారు. టిప్పరు పోయినప్పుడల్లా కొంగులూ తువ్వాళ్లూ ముక్కులకు అడ్డం పెట్టుకుంటున్నారు, అది పోగానే మాట ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచి అందుకుంటున్నారు. నాకు ఒళ్లు మండింది. వెళ్లి అడిగాను.

"ఏం పెద్దమ్మా, మీ కోసమే పార్కు కట్టించాం. ఒక్కరూ రావడం లేదేం?"

నేను పలకరించిన ఆవిడ అటూ ఇటూ చూసింది. "పెద్దమ్మ ఎవలు?"

"మిమ్మల్నేనమ్మా."

"నాకు అరవై ఎనిమిది. నీకెన్ని సారూ?"

"నాకింకా సర్వీసుంది" అన్నాను.

"సర్వీసు గాదు, ఏండ్లు అడిగిన."

చెప్పక తప్పలేదు. ఆవిడ వేళ్ల మీద ఏదో లెక్క చూసుకుంది. "అట్లయితే అక్కా అనాలె. పెద్దమ్మంటే నేను పలుక."

ఆ అక్క సంగతి చెప్పాలి. గనిలోకి దిగే ప్రతి మనిషికీ తలకు పెట్టుకునే దీపం ఇచ్చి, బదులుగా అతని టోకెన్ తీసుకునే గదిని ల్యాంప్‌రూమ్ అంటారు. భర్త గని ప్రమాదంలో పోతే ఆమెకు అక్కడ ఉద్యోగం ఇచ్చారు. రిటైరయ్యేదాకా అదే కిటికీ. షిఫ్టు ముగిశాక ఎవరి టోకెన్ ఇంకా తన దగ్గరే మిగిలి ఉందో, ఆ మనిషి పైకి రాలేదని అందరికంటే ముందు ఆమెకే తెలిసేది. అందుకని ఇప్పటికీ మనుషుల్ని లెక్కపెట్టుకునే అలవాటు పోలేదు. గోడ మీద కూర్చున్న వాళ్లను పేర్లతో కాదు, పాత టోకెన్ నంబర్లతో పిలుస్తుంది.

"పార్కు మంచిగనే ఉన్నది సారూ" అంది. "సప్పుడు లేదు, మనిషి లేడు. గసుంటి జాగకు మేమెట్లాగూ పోయేదే ఉన్నది. గంత జల్దీ ఏమున్నది?"

గోడంతా నవ్వింది. ఆమె పక్కనున్న ఆయన మాత్రం నవ్వలేదు. ఆయన గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టిన టింబర్‌మన్. చేతిలో కర్ర. గని పైకప్పును కర్రతో కొట్టి, చెవి వంచి వింటారట. గట్టిగా మోగితే పని చేసుకోవచ్చు, బోలుగా మోగితే పరుగెత్తాలి. ఆయన ఆ పరీక్షను బయటి ప్రపంచానికి కూడా వర్తింపజేశాడు.

"మీ ర్యాంపు కొట్టి చూసిన సార్" అన్నాడు. "కొసకు బోలున్నది. వానకాలం ఆగది."

"బెంచీలకు చేతులు లేకపాయె" అంది అక్క. "కూసున్నంక దేన్ని పట్టుకుని లేవాలె? మొన్న ఏడు వందల పన్నెండు కూసున్నడు. ఇద్దరం గుంజినం. పదింటికే సిమెంటు కాలుతది. దొడ్డికేమో తాళం."

"తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంటుంది. అడిగితే ఇస్తాడు."

"వాచ్‌మన్ ఏడున్నడో అడగనీకి ఇంకో వాచ్‌మన్ గావాలె." అక్క గొంతు కాస్త మారింది. "అది పోనీ సారూ. బస్సు స్టాపు తీసేస్తున్నరట, నిజమేనా?"

"తీసెయ్యడం కాదక్కా, మార్చడం. ఆరు వందల మీటర్లే. ఎనిమిది నిమిషాల నడక."

"ఎవలి ఎనిమిది నిమిషాలు?"

 సమాధానం లేనప్పుడు ఉద్యోగులు ఏం చేస్తారో నేనూ అదే చేశాను. ఉపన్యాసం ఇచ్చాను. నడక ఆరోగ్యానికి మంచిదన్నాను, మోకాళ్లకు మరీ మంచిదన్నాను. చెప్పి గోడ మీంచి లేచేటప్పుడు నా చెయ్యి దానంతటదే మోకాలి మీదికి పోయింది. అక్క చూసింది. టింబర్‌మన్ కర్ర చాచి నా కాలిని మెల్లగా తట్టి, చెవి వంచి విని, "బోలు" అన్నాడు.

తర్వాతి నెలలో కబురొచ్చింది. హైదరాబాదు నుంచి పెద్దాఫీసరు ఇన్‌స్పెక్షన్‌కు వస్తున్నారు, కొత్త షెల్టరు ఆయన చేతుల మీదుగానే తెరవాలి, ఆ రోజు నుంచి బస్సులన్నీ అక్కడే ఆగాలి. మేడమ్ నన్ను పిలిచి, "పార్కులో కనీసం ముప్పై మంది పెద్దవాళ్లు కనిపించాలండీ. నవ్వుతూ" అన్నారు.

మళ్లీ కల్వర్టు గోడ దగ్గరికి వెళ్లాను. ఈసారి స్వరం తగ్గించి, "అక్కా" అనే మొదలుపెట్టాను.

"వస్తం" అంది వెంటనే. "ముప్పై గాదు, నలభై మందిమి వస్తం. నవ్వుతం గూడ. ఒక్కటే షరతు. ఇన్‌స్పెక్షన్‌కు ముందుగాల నువ్వు కొత్త షెల్టరు కాడికెళ్లి దవాఖానా దాంక నడువాలె. మేం చెప్పినట్టు."

ఇంతేనా అనుకున్నాను.

మర్నాడు పొద్దున కొత్త షెల్టరు దగ్గరికి వెళితే అక్కా, టింబర్‌మనూ నా కోసం తయారుగా ఉన్నారు. నన్ను కూర్చోబెట్టి, రెండు మోకాళ్లకూ ముందూ వెనకా వెదురు బద్దలు పెట్టి, తడి తువ్వాళ్లతో కట్టాడాయన. దుంగలు నిలబెట్టిన చెయ్యి. ఆ కట్టు ఊడితే ఒట్టు. అక్క తన పాత కళ్లద్దాలకు కొబ్బరినూనె రాసి నా ముక్కు మీద పెట్టింది. చెవుల్లో దూది కుక్కింది. ఎడమ చేతికి రేషన్ బియ్యం సంచి, కుడి చేతికి దవాఖానా చీటీ. మా సర్వేయర్ ఫోనులో టైము చూస్తానని ముందే వచ్చి నిలబడింది. ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను.

షెల్టరు మెట్టు దిగడమే ఒక ఘట్టమైంది. కాలు వంగదు, కింద ఎంత లోతుందో కనపడదు. ఆ మెట్టు ఎత్తు డ్రాయింగులో నా చేత్తో రాసిందే. పక్కకు తిరిగి, ఎండ్రకాయలా ఒక్కొక్క కాలూ దించాను. వంద అడుగులు వేసేసరికి కూర్చోవాలనిపించింది. కూర్చోవడానికి ఏమీ లేదు. ఎందుకుంటుంది? బెంచీలన్నీ పార్కులో పెట్టాను కదా. ఒక చోట టిప్పరు హారన్ నాకు వినపడలేదు, అక్క చొక్కా పట్టి లాగింది. దుకాణాల వాళ్లు బయటికొచ్చి చూస్తున్నారు.

"సారుకేమైంది?" అని ఎవరో అడిగారు.

"ఏం గాలె" అంది అక్క. "జర ముందుగాల ముసలోడైతున్నడు. ప్రాక్టీసు."

ఫోను చెప్పిన ఎనిమిది నిమిషాలు గడిచేసరికి నేను పంక్చరు షాపు దగ్గరే ఉన్నాను. అక్కడ ఒక రాయి మీద కూలబడ్డాను. ఆ షాపు యజమాని నాకు పదేళ్లుగా తెలుసు. కనపడితే చాలు, "సార్, సార్" అంటూ ఎదురొచ్చేవాడు. ఆ రోజు ఆ అద్దాలూ ఆ నడకా చూసి పోల్చుకోలేదో ఏమో, నా తల మీదుగా అక్కను అడిగాడు: "పెద్దాయనకు నీళ్లు తాగిపియ్యాల్నా?"

నన్ను అడగలేదు. నేను అక్కడే ఉన్నాను, నాకు నోరుంది, దాహమూ నాదే. అయినా నా గురించి ఇంకొకరిని అడిగాడు. నిజం చెబుతున్నాను, మోకాళ్లకంటే అది ఎక్కువ నొప్పి పెట్టింది. నేను రాసిన ప్లాను నిండా అదే పని చేశానని అప్పుడు తట్టింది. "వృద్ధులకు ఇది కావాలి, వృద్ధులకు అది కావాలి" అని పేజీలకు పేజీలు రాశాను, వాళ్ల తలల మీదుగా.

దవాఖానా గేటు చేరేసరికి ముప్పై ఏడు నిమిషాలు. కట్లు విప్పుతూ టింబర్‌మన్, "కాలి సంగతి తర్వాత, మనిషి గట్టోడే" అన్నాడు. నేను అందుకున్న యోగ్యతాపత్రాలన్నిటిలో నాకు నచ్చింది అదే.

ఆ సాయంత్రమే మేడమ్ దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. స్టాపు మార్చడం తప్పు, ఆపేద్దాం అన్నాను. ఆమె ఫైలు మూసి పక్కన పెట్టారు.

"రిపోర్టు వెళ్లిపోయిందండీ. డిపోకు లెటరు కూడా వెళ్లింది. ఎల్లుండి ఇన్‌స్పెక్షన్ పెట్టుకుని ఇప్పుడు తప్పయిందంటే నా పేరేం కావాలి? అయ్యాక చూద్దాం."

ఆమెను తప్పుపట్టను. మొదటి పోస్టింగులో నేనైనా అదే అనేవాణ్ని. కానీ నా సర్వీసు మొత్తంలో "అయ్యాక చూద్దాం" అన్న ఫైలును అయ్యాక ఎవరైనా చూడగా నేను చూడలేదు. బయటికొచ్చి, ఇన్‌స్పెక్షన్ రోజు ప్రోగ్రాము మొత్తం అక్కకు చదివి వినిపించాను. అంతకుమించి నేనేమీ చెయ్యలేదు. ధైర్యవంతుణ్ని కూడా కాదు. త్వరలో రిటైరయ్యే వాణ్ని మహా అయితే ఎంత దూరం బదిలీ చేస్తారన్న ధీమా, అంతే.

మండు వేసవి. పెద్దాఫీసరు పది గంటలకు దిగారు. నిటారైన మనిషి, నల్లని జుట్టు. ఆయన జుట్టూ నా జుట్టూ ఒకే కంపెనీ సరుకని చూడగానే తెలిసింది. రిబ్బను కత్తిరిస్తుండగానే గూడేల బస్సు వచ్చి కొత్త షెల్టరు ముందు మొదటిసారి ఆగింది. దిగినవాళ్లలో ఒక కోయ జంట ఉంది. ముసలామె కంటికి కట్టు. ఆపరేషన్ అయిన కన్ను చూపించుకోవడానికి వచ్చారట. ముసలాయన ఆమె చెయ్యి పట్టుకుని, ఇదెక్కడ దింపారన్నట్టు చుట్టూ చూశాడు. సర్వేయర్ కోయలో ఏదో చెప్పి దారి చూపించింది.

ఈలోగా అక్క పెద్దాఫీసరు చేతికి పెద్ద గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది. ఆయన తాగారు. ఇంకో గ్లాసు ఇచ్చింది. అదీ తాగారు. మర్యాదకే అనుకున్నాను, ఆమె కళ్లు చూసేదాకా.

"పార్కు ఎంత దూరం?" అన్నారాయన.

"దవాఖానా వెనకే సార్. ఆరు వందల మీటర్లు" అన్నాను.

"అంతేగా, నడుద్దాం. నేను రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తాను."

"మాతోని నడువుర్రి సారూ, మాకు సంతోషం" అంది అక్క. నలభై మంది ఆయన చుట్టూ చేరారు. ముందు కెమెరాలు. వృద్ధుల సంక్షేమం చూడటానికి వచ్చిన ఆఫీసరు వృద్ధుల్ని దాటుకుని పోతే ఫోటోలో ఏం బాగుంటుంది? పాపం, వాళ్ల అడుగులోనే అడుగు వేశారు. నీడ లేదు. కూర్చునే చోటు లేదు. సగం దారిలో ఆయన కూడా కుడి కాలు కాస్త ఈడుస్తున్నట్టు నాకు అనిపించింది. మాట తగ్గింది, చేతిరుమాలు తడిసిపోయింది.

పార్కులో ఉపన్యాసాలు జరుగుతుండగా పెద్దాఫీసరు మేడమ్ చెవిలో ఏదో అన్నారు. మేడమ్ నా చెవిలో అన్నారు. నేను మరుగుదొడ్డి దగ్గరికి పరుగెత్తాను. తాళం. వాచ్‌మన్‌ను పూలదండ తెమ్మని మేడమే పంపారు. తిరిగొచ్చి అక్క చెవిలో అన్నాను.

"రెండు గిలాసలు తాగిండు గదా" అంది ఆమె నెమ్మదిగా. "రమ్మను. మా జాగకు తోల్కపోత."

తీసుకుపోయింది. తిన్నగా కాదు. దారిలో ఒక్కొక్కటీ పరిచయం చేస్తూ. మందుల దుకాణం ముందు ఒక కుర్చీ ఉంటుంది, అది ఎవరైనా పెద్దవాళ్లు కూర్చోవడానికి. పక్కన దర్జీ, డాక్టరు రాసిన చీటీ చదివి ఏ గోలీ ఎప్పుడో చెబుతాడు. బస్సు డ్రైవరు పన్నెండింటికి దవాఖానా ముందు హారన్ కొడతాడు, లోపలున్న గూడేల వాళ్లు అది విని బయటికొస్తారు. టీ హోటల్ ఆమె వెనకనున్న దొడ్డికి తాళం వెయ్యదు, గోడకు పట్టుకోవడానికి ఒక పైపు కూడా బిగించింది. పెద్దాఫీసరు అన్నిటికీ గబగబా తలూపుతూ, చివరిదాని దగ్గర మాత్రం మాటకు ఆగకుండా లోపలికి వెళ్లిపోయారు.

బయటికొచ్చిన తర్వాత ఆయన ముఖం ప్రశాంతంగా ఉంది. ఇక్కడిదాకా అంతా మా సరదానే. ఆ తర్వాతిది మేమెవరమూ అనుకోలేదు.

దవాఖానా గేటులోంచి ఆ కోయ జంట వచ్చింది. వచ్చి, రోజూ బస్సు ఆగే చోట నిలబడ్డారు. బస్సు లేదు. పన్నెండు దాటింది. బస్సు కొత్త షెల్టరు దగ్గరే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. హారన్ అక్కడే కొట్టి ఉంటాడు, ఇక్కడికి వినపడే దూరం కాదు. ముసలాయన రోడ్డు వైపు చూస్తూ అలాగే నిలబడ్డాడు. ఆమె కట్టు కట్టిన కంటి మీదికి దుమ్ము పడకుండా కొంగు కప్పుకుని కింద కూలబడింది.

సర్వేయర్ వెళ్లి మాట్లాడి వచ్చింది. "మళ్ల బస్సు అయిదింటికి సార్. పొద్దుటి సంది ఏం తినలేదు. సప్పుడు వినంగనే వద్దామని లోపల్నే కూసున్నరట. ఇయ్యాల సప్పుడు గాలె, ఇంక టైం గాలేదనుకున్నరు. చూసి చూసి బయటికొచ్చిన్రు."

 నాకు నా డ్రాయింగులోని ఆ బొటనవేలంత గీత కళ్ల ముందు కదిలింది. నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"సార్, ఈ స్టాపు మార్చమని రాసింది నేనే. ఒక్కసారి కూడా నడవకుండా రాశాను. మేడమ్‌కు దీంతో సంబంధం లేదు."

మేడమ్ నా వైపు చూశారు. ఆ చూపుకు అర్థం నాకు ఇప్పటికీ తెలియదు.

"తప్పెవలదైతేంది" అంది అక్క. "ముందుగాల వాళ్లు ఇంటికి పోవాలె. సారు కారున్నది గదా."

"నా కారా?" అన్నారు పెద్దాఫీసరు.

"గూడెం పోయి రానీకి రెండు గంటలు. దింపి మళ్ల వస్తది. అప్పటిదాంక మీరు మా కాడ కూసోండ్రి."

కెమెరాలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఆయన డ్రైవరుకు సైగ చేశారు. టీ హోటల్ ఆమె ఇడ్లీలు పొట్లం కట్టి ఇచ్చింది. ముసలాయన ఆ తెల్లని సీట్లు చూసి వెనక్కి తగ్గాడు. సర్వేయర్ కోయలో ఏదో అంటే పకపకా నవ్వి ఎక్కాడు. ఏం చెప్పావని ఎన్నిసార్లు అడిగినా ఆమె నాకు చెప్పదు.

అలా పెద్దాఫీసరు రెండు గంటల పాటు కల్వర్టు గోడ మీద, అక్కకూ టింబర్‌మన్‌కూ మధ్య కూర్చున్నారు. మొదట వాచీ చూసుకున్నారు. తర్వాత టీ తాగారు. తర్వాత ఎవరి టోకెన్ ఎంతో అడగడం మొదలుపెట్టారు. టింబర్‌మన్ కర్ర గురించి విని, తనే కాలు చాపి, "నాదీ చూడండి" అన్నారు.

టింబర్‌మన్ తట్టి, విన్నాడు. "ఇంక రెండేండ్లు ఆగుతది."

"రెండేళ్లు కూడా లేదు. వచ్చే నెల మోకాలి ఆపరేషన్. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు."

"మరి దినాం అయిదు కిలోమీటర్లు?" అంది అక్క.

"అది... ఒకప్పటి మాట" అన్నారాయన. నేను పక్కకు తిరిగి నవ్వాను. నవ్వే అర్హత నాకు అసలు లేదనుకోండి.

మూడో రోజుకల్లా బస్సు చౌరస్తాకు తిరిగొచ్చింది. పార్కుకు దవాఖానా వైపు గోడ కొట్టేసి దారి తీశారు. బెంచీలకు ఇనుప చేతులు వచ్చాయి, మరుగుదొడ్డికి తాళం పోయింది. ర్యాంపు కొస మొదటి వానకే కుంగింది, టింబర్‌మన్ ప్రతి ఒక్కరికీ చూపించాడు. కొత్త షెల్టరును మేకలు బాగా వాడుకుంటున్నాయి. ఆ టిప్పర్ల రోడ్డు వెంట నీడా, అక్కడక్కడా కూర్చునే గట్లూ అడిగాం. అవి ఇంకా రాలేదు. వచ్చాయని రాస్తే కథ బాగుంటుంది గానీ, రాలేదు.

ప్లాను మళ్లీ వేశాం. ఈసారి సర్వేయర్ గీసింది. నెల రోజులు ముసలివాళ్ల వెంట వాళ్ల నడకలోనే నడిచి, ఎవరు ఎక్కడ ఆగుతారో, ఎవరింట్లో మంచినీళ్లు దొరుకుతాయో, ఏ హారన్ ఎక్కడిదాకా వినపడుతుందో గుర్తులు పెట్టింది. ఊళ్లో ఉన్నదాన్ని చెడగొట్టకుండా ఉండటమే సగం ప్రణాళిక అని ఆ మ్యాపు చూశాక అర్థమైంది. దాని కింద మొదటి సంతకం ఆమెది, రెండోది నాది.

నాకు మెమో వచ్చింది. క్షేత్ర పరిశీలన లేకుండా ప్రతిపాదన ఎందుకు పంపారో సంజాయిషీ ఇవ్వమని. "కుర్చీ సుఖంగా ఉండటం వలన" అని రాసి, మళ్లీ చించేసి, మర్యాదగా ఇంకోటి రాశాను. మేడమ్ నెలరోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు. తర్వాత వేరే ఊరికి బదిలీ అయ్యారు. అక్కడ ఇంజనీర్ల మోకాళ్లకు తువ్వాళ్లు కట్టిస్తున్నారని ఈ మధ్య విన్నాను.

నా రిటైర్మెంట్ రోజున ఆఫీసులో శాలువా, దండ, మామూలు మాటలు అన్నీ అయ్యాయి. చివర్లో అక్కా, టింబర్‌మనూ, ఇంకో పదిమందీ లోపలికొచ్చారు.  ఏదో కానుక తెచ్చారనుకుని రెండు చేతులూ చాపాను. అక్క నా చేతుల్లో ఒక కాగితం పెట్టింది. వీధి దీపాలు, మంచినీళ్ల పైపు, పోస్టాఫీసు మెట్లు, పదకొండు పనులు, ఎవరికి అర్జీ పెట్టాలో తెలియనివి.

"ఇయ్యాల్టి దాంక నువ్వు ఆఫీసోడివి" అంది. "రేపటి సంది మావోడివి. అర్జీలు రాయనీకి మాకు చదువుకున్నోడు గావాలె. పొద్దున ఏడింటికి రా."

మర్నాడు ఏడున్నరకు వెళ్లాను. మొదటి రోజే కదా అనుకున్నాను. గోడ మీద ఇంత చోటు నాకు ఉంచారు గానీ, అక్క నా వైపు చూడనైనా చూడకుండా టింబర్‌మన్‌తో అంది:

"ఆఫీసు అలవాటు ఇంక పోలె ఈయనకు. ఇయ్యాల ఆబ్సెంటెయ్యి."